బహుళపక్షం కారు

మా అన్నయ్య భీమశంకరరావు మొహం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నా మొహం చూస్తే వాడికీ అంతే. ఇదేమీ గుట్టు కాదు. రాజాంలో ధాన్యం కొట్లవాళ్ళను ఎవర్నడిగినా చెబుతారు. పెద్దవాణ్ణి పట్టుకుని ‘వాడు’ అనకూడదని నా భార్య ఝాన్సీ అంటుంది. పంపకాలయిన రోజు నుంచి అలాగే అంటున్నాను. ఇప్పుడు మార్చుకోమంటే నాలుక తిరగదు.

నాన్న పోయిన మరుసటి ఏడు, 2012లో, మా మేనమామ నరసింగరావు గారు కూర్చుని అన్నీ పంచారు. కొట్టు వాడికి, గొడౌను నాకు. ఇంటికి మధ్యలో గోడ లేచింది. ఇత్తడి బిందెలు కూడా చెరిసగం అయ్యాయి. చివరికి కారు మిగిలింది. నాన్న గోగునార వ్యాపారం మంచి ఊపు మీదున్న రోజుల్లో కొన్న మార్క్ టూ అంబాసిడర్. తెల్లది. స్టీరింగు కిందనే గేరు, ముందు బెంచీ సీటు. అమ్మడానికి వాడు ఒప్పుకోలేదు, వాడికి వదలడానికి నేను ఒప్పుకోలేదు. మావయ్య బాగా ఆలోచించి, ఉమ్మడి నూతికి వంతులు పెట్టినట్టే దానికీ పెట్టారు. శుక్లపక్షం పెద్దవాడిది, బహుళపక్షం నాది. పున్నమి వెళ్ళిన పాడ్యమి పొద్దున్న కారు నా షెడ్డులోకి రావాలి, అమావాస్య వెళ్ళిన పాడ్యమి పొద్దున్న వాడి షెడ్డులోకి పోవాలి. దానికి తోడు ఒక షరతు కూడా పెట్టారు. ఇద్దరూ ఒప్పుకోకుండా ఆ కారులోంచి ఒక్క మేకు కూడా తీయకూడదు.

పంపకం సమానమే అని ఊరంతా మెచ్చుకుంది. ఊరికేం పోయింది? ఉగాది, శ్రీరామనవమి, దసరా, పెళ్ళి ముహూర్తాల్లో సగానికి పైగా, అన్నీ వాడి పక్షంలోనే పడతాయి. నా వాటాకి వచ్చిన పెద్ద పండగ దీపావళి, అదీ అమావాస్యే. వెన్నెల వాడికి, చీకటి నాకు. మా ఇంట్లో మొదటి నుంచీ ఇదే వరస.

చిన్నప్పుడు నాన్న చీపురుపల్లి సంతకో, విజయనగరం మిల్లులకో వెళ్తూ మా ఇద్దర్నీ కారెక్కించుకునేవారు. ముందు సీట్లో నాన్న పక్కన వాడు. వెనక సీట్లో గోగునార మోపుల పక్కన నేను. నాన్నకు ఇంజిన్ చప్పుడు వింటూ నడపడం అలవాటు. చప్పుడు బట్టి నూనె తగ్గిందో, ప్లగ్గులో మసి పట్టిందో చెప్పేవారు. ఆ విద్య వాడికి నేర్పారు. నేను వెనక నుంచి ఏదైనా అడగబోతే ఇద్దరిలో ఒకరు, వెనక్కి తిరిగైనా చూడకుండా, ‘ష్’ అనేవారు. చెరువు చూసి నోరు తెరిస్తే ‘ష్’. ఆకలేస్తోందంటే ‘ష్’. ఆ కారులో నా చిన్నతనమంతా నోరు మూసుకునే గడిచింది.

వాడు ఇప్పటికీ మారలేదు. కారు తీసేటప్పుడు అద్దాలన్నీ దింపి, తల ఓ పక్కకు వంచి కూర్చుంటాడు. పక్కన మా వదిన పద్మకుమారి గుళ్ళో కూర్చున్నట్టు కూర్చోవాలి. వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. నోటితో చెబితే వినడు, పెద్దమనుషులతో చెప్పిస్తే వినడు. నాకు కావలసిందల్లా ఒక్కటే. వాడే వెళ్ళి మావయ్యతో, ఆ కారు నాకొద్దు, తమ్ముణ్ణే ఉంచుకోమనండి అని చెప్పాలి. చెప్పాలంటే ఆ కారులో కూర్చోలేని స్థితి వాడికి రావాలి. 2014 వేసవిలో, నా పక్షం మొదలైన రోజునే, కారు తీసుకుని విజయనగరం వెళ్ళాను.

కోట దగ్గర గోపి అనే అతనికి కార్లలో పాటల సెట్లు బిగించే షాపు ఉంది. అంబాసిడర్‌ను చూడగానే అతని మొహం వెలిగిపోయింది. చుట్టూ తిరిగి, తలుపు మీద తట్టి, “ఇలాటి రేకు ఇప్పుడేదండీ! తలుపులు కోసీసి నాలుగు స్పీకర్లు దింపీసినామంటే అదిరిపోద్ది” అన్నాడు.

“ఏటీ కొయ్యకూడదు. కొయ్యడమంటే తియ్యడమే. రేకు ముక్క కింద పడిందంటే మా మావయ్య ముందర నేను దోషినయిపోతాను.”

“పోనీ డాష్‌బోర్డులో ఈ పాత రేడియో పని సెయ్యడం లేదు కదా. అది పీకీసి ఆ కన్నంలోన...”

“పీకకూడదు.”

“డైనమో మార్చాలి కదండీ మరి? ఇది లైట్లకే సాలదు. ఆంప్లిఫయర్‌కి ఎక్కడి నుంచి వస్తాది కరెంటు?”

“మార్చకూడదు.”

గోపి తల గోక్కున్నాడు. “మరేటి సెయ్యమంటారండీ?”

“ఏటీ తియ్యకుండా ఎంత కలపగలవో అంతా కలుపు.”

అతను కాసేపు నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత పనిలో పడ్డాడు. ఒప్పుకోవాలి, ఆ బుర్ర మామూలు బుర్ర కాదు. తలుపులు కొయ్యకుండా, వాటి లోపలివైపు అడుగున సరిగ్గా అతుక్కునే చెక్క గూళ్ళు చేయించి, అందులో స్పీకర్లు పెడదామన్నాడు. వెనక అద్దం కింద ఉన్న అర మీద, అదే కొలతకు కోసిన పలక పరిచి రెండు కోలగుండ్రటివి పెడదామన్నాడు. డిక్కీలో స్టెపినీ పక్కన గాలి చొరబడని పెద్ద పెట్టె, అందులో బేస్‌కి పళ్ళెమంత స్పీకరు. ఆంప్లిఫయరు ముందు బెంచీ కింద, పెన్‌డ్రైవ్ పెట్టే ప్లేయరు గ్లవ్‌బాక్స్‌లో. కరెంటుకి డిక్కీలోనే వేరే బ్యాటరీ, దాన్ని ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకోవాలి. కారుకు ఒక్క కన్నం పడదు. అన్నీ విని, నేను బేస్ పెట్టె ఇంకా పెద్దది చెయ్యమన్నాను.

“పెద్దదయితే డోర్లు దడదడలాడతాయండి.”

“ఆడనీ.”

“ఇంకోటండి. ఈ ఇంజిన్ మోత లోపలికి బాగా వస్తాది, పాట తేలదు. ఇంజిన్‌కీ సీటుకీ మధ్యన గోడకి, కాళ్ళ కిందన రబ్బరు షీట్లు అతికించాలి. అతికిస్తే మరి ఇంజిన్ సప్పుడు మీకు అస్సలు వినబడదు. పర్లేదా?”

“దానికే కదా బాబూ నీ దగ్గరకొచ్చింది” అన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకు కలిగిన ఆనందం నా పెళ్ళిలో కూడా కలగలేదు.

ఝాన్సీ మాత్రం పెదవి విరిచింది. “పాటలు వినడానికి పెట్టిస్తన్నారా, మీ అన్నయ్యని ఏడిపించడానికి పెట్టిస్తన్నారా?” అంది. రెండిటికీ అన్నాను. “మీరు పాటలు వినగా నేనెప్పుడూ సూడలేదు” అని లోపలికి పోయింది. అది నిజమే. నాకు పాటల గోల పట్టదు. పెన్‌డ్రైవ్‌లో పాటలు కూడా గోపినే ఎక్కించమన్నాను, బాగా డప్పులున్నవి చూసి.

అమావాస్య వెళ్ళిన పాడ్యమి పొద్దున్న, నియమం ప్రకారం కారు వాడి షెడ్డులో పెట్టి వచ్చాను. ప్లేయరు గొంతు చివరిదాకా పెంచి, తాళం తిప్పగానే మోగేలా వదిలాను. తర్వాత పెసరట్టు పెట్టమని గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అట్టు సగంలో ఉండగా గోడ అవతల పిడుగు పడ్డట్టయింది. తలుపుల రేకులు దడదడలాడాయి. మా వంటింట్లో గ్లాసులు మోగాయి. వదిన “అయ్యబాబోయ్” అని కేక వేసింది. తాళం వెనక్కి తిప్పినా అది ఆగదు, ఎలా ఆపాలో వాడికి తెలియదు. చివరికి ఎప్పుడో ఆగింది. ఇంకో అట్టు వెయ్యమన్నాను.

గంటలో మావయ్య దగ్గర పంచాయితీ. మావయ్య వాలుకుర్చీలో మధ్యన, వాడు కిటికీ వైపు, నేను గుమ్మం వైపు. మేమిద్దరం ఒకరితో ఒకరం మాట్లాడం కాబట్టి అన్నీ మావయ్య మీదుగానే నడుస్తాయి. మధ్యలో ఆ ముసలాయనకు తల తిరిగిపోతుంటుంది.

“మావయ్యా, ఆడికి సెప్పండి. సాయంత్రానికల్లా ఆ దరిద్రమంతా తీసీమనండి” అన్నాడు వాడు.

“మావయ్యా, ఆడికే సెప్పండి. కారులోంచి ఏటీ తియ్యకూడదన్నది మీరు. పెట్టకూడదని మీరన్లేదు. పెట్టీసినాక అదీ కారుదే. కారులో పెట్టింది తియ్యకూడదు.”

మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. తన మాటలో తానే ఇరుక్కున్నారని ఆయనకు అర్థమైంది. “మాటంటే మాటేరా శంకరం. నేనన్నదయితే అదే” అన్నారు నీరసంగా. నాకు లేచి గంతెయ్యాలనిపించింది.

వాడు గొడవ చెయ్యలేదు. జేబులోంచి ఫోన్ తీశాడు. “ఇంకోటున్నాది మావయ్యా. ఇంజిన్ సప్పుడు మారింది. రికార్డు సేసినాను. ఇది ఉగాది నాటిది, వినండి.” ఫోనులో గరగరమని ఏదో మోత. “ఇది పోయిన పున్నమి నాటిది. అడుగున టిక్కుమంతన్నాది, విన్నారా? బేరింగు. ఇప్పుడే ఇంజిన్ దింపించి సూపించాలి, లేపోతే మొత్తం పోతాది. దింపడానికి ఆడు ఒప్పుకోవాలి. అడగండి.”

ఎత్తు నాకు తెలియదనుకున్నాడు. ఇంజిన్ దింపితే అది శ్రీకాకుళం మెకానిక్కు దగ్గర నెలో రెండు నెలలో పడుకుంటుంది. నా పక్షాలు గాలికి పోతాయి. ఇంజిన్ ఎక్కించే వేళకు నా సెట్టు ఎక్కడుంటుందో దేవుడికెరుక. “నాకు రెండూ ఒక్కలాగే వినబడ్డాయి మావయ్యా. మీకేటయినా తేడా తెలిసిందా?” అన్నాను. మావయ్య తెలియలేదని తల అడ్డంగా ఊపారు. “నాకూ తెలీలేదు. నేనొప్పుకోను.”

వాడు ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ పక్షమంతా కారు షెడ్డులోంచి తీయనే లేదు. నా సెట్టు దెబ్బ వాడికి తగిలిందనుకున్నాను. ఇంకొక్క పక్షం ఇలాగే గడిస్తే వాడే కాళ్ళబేరానికి వస్తాడని ఝాన్సీతో అన్నాను.

నా పక్షం వచ్చింది. చీపురుపల్లిలో ఝాన్సీ చెల్లెలి ఇంటికి బయల్దేరాం. అద్దాలు ఎత్తి, పాట పెట్టాను. మామిడితోటల మధ్య రోడ్డు. ఆ రబ్బరు షీట్ల మహిమ ఏమిటోగాని ఇంజిన్ ఉందో లేదో కూడా తెలియడం లేదు. బేస్ కొడుతుంటే వీపులో గుద్దినట్టుంది. సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు దిగి మరీ చూశారు. ఆ కారులో నేను గట్టిగా అరిచాను కూడా, ఊరికే, అరవొచ్చు కదా అని. ఝాన్సీ నా వంక భయంగా చూసింది.

రోడ్డు ఎత్తుగా ఉన్న చోట కారు ఒక్కసారి ఒణికింది. బానెట్ కింద నుంచి నీలం పొగ లేచింది. ఏదో పెద్ద ఇనుము విరిగిన కుదుపు కాళ్ళకు తగిలింది, కారు ఈడ్చుకుంటూ వెళ్ళి ఆగిపోయింది. ఇంజిన్ చచ్చిపోయింది గాని పాట ఆగలేదు. దాని బ్యాటరీ వేరు కదా. నడిరోడ్డు మీద పొగలో కూర్చుని ఆ డప్పులు వింటున్నాం.

“ముందర ఆ పాట కట్టీయండి!” అని అరిచింది ఝాన్సీ.

చీపురుపల్లి నుంచి వచ్చిన మెకానిక్కు జోగయ్య కిందికి దూరి చూసి, మసి చేతులతో బయటికి వచ్చాడు. “బేరింగు ముక్కలయిపోయింది బాబూ. షాఫ్టు కూడా పోయినట్టే. ఇంతలా అయ్యేవరకు సుత్తితో కొట్టినట్టు కొట్టుకునుంటాది. వినబళ్ళేదేటి?”

“లేదు” అన్నాను. అతని మొహం పగలగొట్టాలనిపించింది.

కారును తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చాం. బాగు చెయ్యాలంటే ఇంజిన్ దింపాలి, దింపాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. నేను కబురు పెడితే వాడిదే పైచేయి అవుతుంది. చస్తే పెట్టను. పైగా కోపం కాస్త తగ్గాక నాకు వేరే ఆలోచన వచ్చింది. కదలని కారు వాడికెందుకు? ఇప్పుడైనా వద్దంటాడు. అన్నాడంటే కారు నాదే. అప్పుడు దింపిస్తాను ఇంజిన్, ఎవడి సంతకమూ అక్కర్లేకుండా. ఆ మాట కోసం అమావాస్య దాకా ఎదురుచూశాను.

పాడ్యమి పొద్దున్నే గేటు చప్పుడయింది. వాడు. వెనక, వాడి కొట్లో మూటలు మోసే కలాసీలు నలుగురు. నా వంక చూడలేదు. స్టీరింగు దగ్గర కూర్చుని బ్రేకు వదిలాడు. కలాసీలు తోశారు. చచ్చిన కారు మా గేటులోంచి వీధిలోకి వెళ్ళి, పక్క గేటులోంచి వాడి షెడ్డులోకి దూరింది. ఎదురింటి లక్ష్మణమ్మ గారు ముగ్గు వెయ్యడం ఆపి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్షమంటే పక్షమే. ఆ మొండితనం చూసి నాకు కడుపు రగిలిపోయింది.

ఆ పదిహేను రోజులూ వాడి షెడ్డులో ఏ అలికిడీ లేదు. పున్నమి వెళ్ళింది. పొద్దున్న పళ్ళు తోముకుంటున్నాను. గోడ అవతల స్టార్టరు తిరిగింది. ఒకసారి దగ్గి, పట్టుకుని, అంబాసిడర్ స్టార్టయింది.

నాకు ముందు వచ్చింది సంతోషం. అది నిజం, ఎందుకు వచ్చిందో నాకే తెలియదు. వెంటనే మంట లేచింది. నన్నడక్కుండా ఇంజిన్ దింపించాడన్న మాట! మేకు తీయకూడదన్న మాట తప్పాడు. ఇక మావయ్య దగ్గర వాడి పని అయిపోయినట్టే. కారు నా చేతికొచ్చినట్టే. నోటి నిండా నురుగుతో గేటు దగ్గరకు పరుగెత్తాను.

కారు వీధిలోకి వచ్చింది. ఇంజిన్ గుండ్రంగా, నిదానంగా మోగుతోంది. నాన్న చీపురుపల్లి సంతకు బయల్దేరినప్పుడు మోగినట్టే మోగుతోంది. వీధివాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చారు. కారు వెనక మాత్రం కలాసీలు నలుగురూ చెమటలు కక్కుతూ తోస్తున్నారు. పొగ గొట్టంలోంచి చిన్న పొగ కూడా లేదు. వాడు స్టీరింగు ముందు నిటారుగా కూర్చున్నాడు. ఆ ఇంజిన్ మోగుతున్నది బానెట్ కింద కాదు. నా తలుపు గూళ్ళలో, వెనక పలకలో, నేను పట్టుబట్టి పెద్దది చేయించిన ఆ డిక్కీ పెట్టెలో.

కారును నా షెడ్డులో పెట్టి వాడు దిగాడు. పంపకాల తర్వాత మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు.

“కారులో పెట్టింది తియ్యకూడదు. నువ్వే అన్నావు” అన్నాడు. కలాసీలను తీసుకుని వెళ్ళిపోయాడు.

గ్లవ్‌బాక్స్ తెరిచి చూశాను. నా పెన్‌డ్రైవ్ అందులోనే ఉంది, పాటలూ అలాగే ఉన్నాయి, కానీ వాటి ముందు వాడి ఫోను రికార్డులు ఎక్కించి, అవే తిరిగేలా పెట్టాడు. డిక్కీ బ్యాటరీకి చార్జింగ్ కూడా పెట్టించాడు, దొంగవెధవ. చెయ్యి చాచి ఆపబోయాను. చప్పుడు దానంతటదే ఆగి, మళ్ళీ మొదటికొచ్చింది. ఇంజిన్ కంటే ముందు చిన్న ముక్క ఉంది, ఇందాక గోడ అవతల నుంచి నాకు వినబడనిది. రికార్డు చేసేటప్పుడు పక్కన వదిన ఏదో అడగబోయింది. వాడు ఆవిడ నోరు మూయించాడు.

‘ష్.’

నాలుగు స్పీకర్లలోంచీ, వెనక పలకలోంచీ, నా చెవుల పక్కనే, ముందు సీటు నుంచి వెనక సీటుకి అన్నట్టే. పెన్‌డ్రైవ్ పీకి వీధిలో పారెయ్యాలని చెయ్యి వేశాను. తీస్తే, పెట్టింది తీయొచ్చని నేనే ఒప్పుకున్నట్టు. సాయంత్రానికి వాడు గోపి బిగించిందంతా పీకి నా గుమ్మంలో పోస్తాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మా అన్నయ్యను అప్పుడు అసహ్యించుకున్నంతగా జన్మలో ఎప్పుడూ అసహ్యించుకోలేదు.

ఉగాది నాటి చప్పుడు అయిపోయింది. పున్నమి నాటిది మొదలైంది. బెంచీ సీట్లో, నాన్న కూర్చునే చోట కూర్చున్నాను. ఫోనులో రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఇక్కడ అలా లేవు. గోపి మంచి పనివాడు. మోత అడుగున, చాలా లోపల, ఎవరో వేలి గోరుతో రేకు మీద తట్టినట్టు టిక్కుమంటోంది. ఆగి ఆగి టిక్కుమంటోంది. వాడు చెప్పినట్టే ఉంది. కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. ఎవరి కోసమో చెప్పలేను. కారు కోసమే అనుకుంటాను.

ఝాన్సీ షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “ఏవండీ, ఏటి అలా కూర్చున్నారు? ఏటది, పాటేటి?” అంది.

అప్పుడే మళ్ళీ ఆ టిక్కు రాబోతోంది. తల ఓ పక్కకు వంచి, ఆవిడ వైపు తిరక్కుండానే, “ష్” అన్నాను.